చక్రం విప్పితే పరువు పోతుందా?

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఒక సాహిత్యమిత్రులు ముందుగా కబురు పెట్టకుండా మా ఇంటికి దయచేశారు. అప్పటికి నేను వసారాలో పాత గోనెపట్టా పరిచి, దాని మీద నా మోటారు సైకిలు వెనకచక్రాన్ని పడుకోబెట్టి, ఇరుసుకు పట్టిన నల్లగ్రీజును గుడ్డతో తుడుస్తున్నాను. పక్కన స్టీలుపళ్ళెంలో నట్లూ, వాషర్లూ, బుష్షులూ విప్పిన వరసలోనే పేర్చి ఉన్నాయి. వారు కాసేపు గుమ్మంలోనే నిలబడి చూసి, "ఏమండీ, మీకింత ఖర్మేమొచ్చింది? వీధి చివర మెకానిక్కు ఉన్నాడు గదా!" అన్నారు. టైర్లు అరిగిపోయాయనీ, కొత్తవి వేయించడానికి చక్రాలు విప్పుతున్నాననీ మనవి చేసుకున్నాను. "విప్పడం మీకెందుకు? బండి అక్కడ పడేస్తే వాడే విప్పుకుంటాడు. చదువుకున్నవాళ్ళం, ఇలా మసిచేతులతో కనబడితే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు. కాఫీ తాగి, వెళ్తూ వెళ్తూ నా చేతులకేసి మరోసారి జాలిగా చూశారు.

ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఇంటికొచ్చిన అతిథితో వాదానికి దిగడం మర్యాద కాదని ఊరుకున్నాను. ఈ టపా ఆ జవాబే. అయితే ఇది వారొక్కరికే ఉద్దేశించింది కాదు. రాతకోతల్లో మునిగి తేలే మనవాళ్ళలో నూటికి తొంభైమంది అభిప్రాయం అదే గనుక, అందరికీ కలిపి ఒకే జవాబు రాస్తున్నాను. కొందరికి కష్టం కలగవచ్చు. కలిగితే వ్యాఖ్యల్లో నన్ను నిలదీయవచ్చు.

నా వాదమేమిటో ముందే చెప్పేస్తాను. ద్విచక్రవాహనం నడిపే ప్రతి అక్షరాస్యుడూ, ఆడైనా మగైనా, తన బండి చక్రాన్ని ఒక్కసారైనా తన చేతులతో విప్పి తన చేతులతో బిగించి తీరాలి. దీన్ని నేను సరదాగానో పొదుపుగానో చెప్పడం లేదు. బాధ్యతగా చెబుతున్నాను. "నాకు పానా పట్టుకోవడం కూడా రాదండీ" అని నవ్వుతూ చెప్పుకోవడాన్ని మనం వినయంగా చలామణీ చేస్తున్నాం. అది వినయం కాదు. అది అహంకారం. దాన్ని నేనూ చాలాకాలం మోశాను గనుక దాని బరువు నాకు తెలుసు.

2014 వేసవిలో నా బండికి వెనకటైరు మార్పించాను. దుకాణం ఏదన్నది అప్రస్తుతం. ఆ రోజు అక్కడ ఆరు బళ్ళు వరసలో ఉన్నాయి. నా చక్రం విప్పిన కుర్రవాడికి పదహారేళ్ళకు మించి ఉండవు. అతనికి మూడడుగుల దూరంలో నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, సంచిలోంచి ఒక నవల తీసి చదువుకున్నాను. ముప్పావుగంటలో పని అయిపోయింది. డబ్బిచ్చి ఇంటికొచ్చాను. వృథాగా పోవలసిన సమయంలో నలభై పుటలు చదివానన్న తృప్తి కూడా మిగిలింది.

పదకొండో రోజున మా మేనల్లుడు ఏలూరులో పనుందని ఆ బండి అడిగి తీసుకుని విజయవాడ నుంచి బయల్దేరాడు. హనుమాన్ జంక్షన్ దాటాక ముందు వెళ్తున్న ఆటో ఆగితే, వెనకబ్రేకు తొక్కాడు. చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. బండి పక్కకు పడి, రోడ్డు మీద చాలా దూరం ఈడ్చుకుపోయింది. వెనక వస్తున్న లారీ తగినంత దూరంలో ఉండటం వల్ల వాడు మాకు మిగిలాడు. ఎడమ భుజం దగ్గర కాలర్ బోను విరిగింది, మణికట్టు చిట్లింది. ఆసుపత్రిలో నన్ను చూడగానే వాడన్న మొదటి మాట: "మామయ్యా, నేను బ్రేకు మెల్లిగానే వేశాను." తప్పు తనదేమోనని భయం! మా అక్క ఆ పక్కనే నిలబడి ఉంది. నన్నొక్క మాటా అనలేదు. ఆ చెయ్యి ఇప్పటికీ తలపైకి పూర్తిగా లేవదు.

జరిగిందేమిటో తరవాత తెలిసింది. వెనకచక్రంలో డ్రమ్ము బ్రేకు ఉన్న బళ్ళలో, బ్రేకు షూలు అమర్చిన ప్లేటును చట్రానికి పట్టి ఉంచే కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని టార్క్ రాడ్ అంటారు. బ్రేకు తొక్కినప్పుడు షూలు తిరుగుతున్న డ్రమ్మును పట్టుకుంటాయి. అప్పుడు ఆ ప్లేటు కూడా చక్రంతో పాటు తిరగబోతుంది. దాన్ని తిరగనివ్వకుండా ఆపేది ఈ కడ్డీయే. చక్రం విప్పాలంటే ఈ కడ్డీ నట్టు విప్పాలి. మళ్ళీ బిగించాక, ఆ నట్టు అదురుకు వదులై ఊడిపోకుండా బోల్టు రంధ్రంలోంచి ఒక చీల దూర్చి, దాని కాళ్ళు రెండూ వెనక్కి వంచాలి. దుకాణాల్లో దాన్ని స్ప్లిట్ పిన్ను అంటారు. వెల నాలుగైదు రూపాయలు. నా బండికి ఆ చీల పెట్టలేదు. పదకొండు రోజుల అదురుకు నట్టు ఊడిపోయింది, కడ్డీ జారిపోయింది. బ్రేకు తొక్కగానే ప్లేటు గిర్రున తిరిగి, బ్రేకు కడ్డీని తనతో పాటు మెలితిప్పి, చక్రాన్ని బంధించేసింది.

ఇదంతా నా కళ్ళముందు, మూడడుగుల దూరంలో మొదలైంది. పోనీ, నవల మూసి చూస్తూ కూర్చుంటే కనిపెట్టేవాణ్ణా? లేదు. ఆ కడ్డీకొక పేరుందనీ, దానికొక చీల ఉంటుందనీ నాకు తెలియదు. చూపుకు కూడా చదువు కావాలి. ఆ చదువు నాకు లేదు. ఆ కుర్రవాణ్ణి నిందించి చేతులు కడుక్కోవడం తేలిక. పదహారేళ్ళ పిల్లవాడికి ఆరు బళ్ళు అప్పగించి, పని సరిచూసే పెద్ద దిక్కు లేకుండా వదిలేసినవాళ్ళ తప్పు ఎంతో, బండి సొంతదారుగా అక్కడే ఉండి కళ్ళు నవలకు అప్పగించిన నా తప్పూ అంతే. ఈ లెక్కలో నాకు మినహాయింపు దొరకదు.

సరే, చక్రం విప్పడంలో ఉన్న బ్రహ్మవిద్య ఏమిటో ఇప్పుడు చూద్దాం. బండిని చదునైన గచ్చు మీద నిలబెట్టాలి. ఇరుసు నట్టుకు చీల ఉంటే తీసి, చక్రం నేల మీద ఉండగానే నట్టును కొద్దిగా వదులు చెయ్యాలి. స్టాండు ఎక్కించాక బలమంతా పెట్టి లాగితే బండి మీద పడుతుంది. ఆ తరవాత సెంటర్ స్టాండు వేసి, బ్రేకు కడ్డీ చివరి నట్టు, టార్క్ రాడ్ నట్టు, చైను బిగించే అడ్జస్టర్లు వరసగా వదులు చేసి, ఇరుసును లాగాలి. ఇరుసు వచ్చేటప్పుడు బుష్షు ఒకటి కింద పడుతుంది. అది ఏ పక్కదో, ఏ ముఖం లోపలికి ఉందో గుర్తు పెట్టుకోవాలి. ఈ రోజుల్లో ప్రతి జేబులోనూ ఫోనుంది గనుక అడుగడుక్కీ ఒక ఫొటో తీసుకుంటే సరిపోతుంది. కొన్ని బళ్ళలో చైనూ వెనక స్ప్రాకెట్టూ ఫ్రేముకే ఉండిపోయి, చక్రం రబ్బరు దిమ్మల దగ్గర విడివడి బయటికొస్తుంది. మరికొన్నింటిలో చక్రాన్ని ముందుకు నెట్టి చైనును పళ్ళ మీంచి తప్పించాలి.

ముందుచక్రం ఇంకాస్త శ్రద్ధ కోరుతుంది. ఇంజను కింద గట్టి చెక్కదిమ్మలు పెట్టి ముందుభాగం లేపాలి. సైలెన్సరు గొట్టం మీద బరువు ఆనకూడదు. డిస్కు బ్రేకున్న బండైతే, చక్రం బయట ఉన్నంతసేపూ బ్రేకు లీవరు నొక్కనే కూడదు. నొక్కితే ప్యాడ్లు దగ్గరికొచ్చేసి డిస్కు మళ్ళీ దూరదు. ప్యాడ్ల మధ్య చిన్న అట్టముక్క పెట్టి ఉంచితే మేలు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు గనుక, అటువంటి బళ్ళలో చక్రం పక్కనే ఉండే సెన్సరుకూ దాని తీగకూ దెబ్బ తగలకుండా చూసుకోవాలి.

ఇంతే. మొదటిసారి నాకు రెండు గంటలు పట్టింది. ఇప్పుడు అరగంట చాలు.

ఇక్కడొక మాట స్పష్టం చెయ్యాలి. నేను ఇంట్లో చెయ్యమంటున్నది చక్రం విప్పడం, బిగించడం. రిమ్ము మీంచి టైరు ఊడదీసి కొత్తది ఎక్కించే పని, ముఖ్యంగా ట్యూబు లేని టైర్లకు, యంత్రమున్న మంచి దుకాణంలోనే చేయించాలి. ఇనపలీవర్లతో పెనుగులాడితే అల్లాయ్ రిమ్ము అంచు గీరుకుపోతుంది, ఆ గీత దగ్గర గాలి కారుతుంది. కాబట్టి చక్రాలు రెండూ విప్పి, ఆటోలో వేసుకుని, నచ్చిన దుకాణానికి తీసుకెళ్ళండి. బండినే తీసుకెళ్తే ఎవరి దగ్గర ఖాళీ ఉంటే వారి చేతిలో పెట్టాల్సి వస్తుంది. చక్రం ఒక్కటే తీసుకెళ్తే ఊళ్ళో ఉన్న మంచి యంత్రాన్నీ, మంచి చేతినీ వెతుక్కోవచ్చు. వెళ్ళేముందు చక్రం ఎటు తిరుగుతుందో రిమ్ము మీద సుద్దముక్కతో బాణంగుర్తు వేసుకోండి. టైరు చెంప మీద కూడా బాణంగుర్తు ఉంటుంది. చక్రం బల్ల మీద పడుకుని ఉన్నప్పుడు ఎడమేదో కుడేదో పనిచేసేవాడికి తెలియకపోవచ్చు. టైరు తిరగేసి ఎక్కించడమన్న తప్పు తరచుగా జరిగేది అందువల్లే.

టైరు చెంప గురించి చెప్పాను గనుక, అక్షరాస్యులమన్న మన గర్వాన్ని కాస్త పరీక్షించుకుందాం. మీరు నాలుగేళ్ళుగా నడుపుతున్న బండి టైరు మీద రాసి ఉన్నది ఎప్పుడైనా చదివారా? నా బండి వెనకటైరు మీద 100/90-17 అని ఉంటుంది. వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో నూటికి తొంభై పాళ్ళు, రిమ్ము వ్యాసం 17 అంగుళాలు. ఆ తరవాత 55పీ అని ఉంటుంది. 55 అంటే ఆ టైరు 218 కిలోల బరువు మోయగలదని, పీ అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగానికి తట్టుకుంటుందని అర్థం. మరోచోట నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2324 అని ఉంటే అది 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందన్నమాట. కొత్త టైరని కొన్నది దుకాణం అటక మీద నాలుగేళ్ళు ఎండిపోయిందో కాదో ఆ నాలుగంకెలే చెబుతాయి. పద్యంలో గణభంగమైతే పది అడుగుల దూరం నుంచి పసిగట్టే పండితులు, తమ ప్రాణాన్ని మోస్తున్న రబ్బరు మీది నాలుగంకెలు చదవలేకపోవడం నాకు చిత్రంగా తోస్తుంది.

ఇక మిత్రుల అభ్యంతరాలు. ఒక్కొక్కటే తీసుకుంటాను.

మొదటిది: ఎవరి పని వారు చెయ్యాలి, మెకానిక్కు పని మెకానిక్కుది, మన పని మనది. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. కానీ ఆ గాలిటైరు చరిత్రే ఈ వాదాన్ని ఒప్పుకోదు. గాలి నింపిన చక్రం అన్న ఊహకు రాబర్ట్ విలియం థాంసన్ 1845లోనే పేటెంటు తీసుకున్నా అది వాడుకలో నిలవలేదు. దాన్ని మళ్ళీ కనిపెట్టి లోకానికి అలవాటు చేసిన జాన్ బాయ్డ్ డన్లప్ బెల్‌ఫాస్టులో పశువైద్యుడు. కొడుకు మూడుచక్రాల సైకిలు రాళ్ళవీధిలో ఎగిరెగిరి పడుతోందని, రబ్బరుతో గాలిగొట్టం చేసి చక్రానికి చుట్టాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. పశువుల డాక్టరుకు సైకిలు చక్రంతో ఏం పని అని ఆయన ఊరుకుని ఉంటే మనం ఇంకా ఎగిరెగిరి పడుతూనే ఉండేవాళ్ళం.

రెండోది: మా సమయం విలువైనది, ఆ రెండు గంటల్లో మరేదైనా పనికొచ్చేది చేసుకోవచ్చు. నేనూ ఇదే అనుకుని నలభై పుటలు చదివాను. ఆ నలభై పుటల్లో ఒక్క వాక్యమూ నాకిప్పుడు గుర్తు లేదు. పైగా ఆ రెండు గంటల్లో చక్రం ఒక్కటే రాదు, బండి ఆరోగ్యపత్రం మొత్తం మన చేతికొస్తుంది. చక్రం విప్పినప్పుడు బేరింగులో వేలు పెట్టి తిప్పి చూడండి. నున్నగా తిరిగితే సరే, ఇసక నలిగినట్టు గరగరలాడితే మార్చాలి. బ్రేకు షూలు ఎంత మిగిలాయి, స్ప్రాకెట్టు పళ్ళు కొక్కేల్లా వంగాయా, రబ్బరు దిమ్మలు పిండైపోయాయా అన్నవన్నీ ఆ ఒక్క పూటలో కళ్ళారా కనబడతాయి. చక్రం బండికి ఉన్నంతకాలం వీటిలో చాలాభాగం దాగే ఉంటుంది.

మూడోది: అరకొర పరిజ్ఞానంతో విప్పి, సరిగ్గా బిగించకపోతే ప్రమాదం గదా? ఇది నిజమైన అభ్యంతరం. దీన్ని నేను గౌరవిస్తాను. బిగింపు గురించే నా భయమంతా కూడా. కానీ ఒక తేడా గమనించండి. దుకాణంలో ఆరు బళ్ళ మధ్య తొందరలో ఉన్నవాడికి మీ బండి నంబరు మాత్రమే గుర్తుంటుంది. మీకు ఆ బండి మీద రేపు కూర్చోబోయే మీ బిడ్డ ముఖం గుర్తుంటుంది. ఆ జాగ్రత్తకు కొంచెం పద్ధతి తోడైతే చాలు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ నట్టును ఎంత బలంతో బిగించాలో ఉంటే అదే కొలత, టార్క్ రెంచితో. చైను ఎంత వదులుగా ఆడాలో కూడా అందులోనో, బండికి అంటించిన కాగితం మీదో ఉంటుంది. వెనకచక్రం రెండు పక్కలా అడ్జస్టరు గుర్తులు సమంగా ఉండాలి, లేకపోతే చక్రం వంకరగా నడుస్తుంది. విప్పిన చీలను మళ్ళీ వాడకూడదు, కొత్తది వెయ్యాలి. డిస్కు బ్రేకైతే బండి కదిపే ముందు లీవరు గట్టిపడేదాకా నొక్కుతూ ఉండాలి, లేకపోతే మొదటి మలుపులోనే ఖాళీ లీవరు చేతికొస్తుంది. వీధిలో నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి వచ్చి, నట్లన్నీ మరోసారి చూడాలి. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది గనుక మొదటి నూరు, నూటయాభై కిలోమీటర్లు మలుపుల్లో నెమ్మదించాలి. ఇన్ని చెప్పినా ఎక్కడైనా సందేహం మిగిలితే, బిగించిన చక్రాన్ని తెలిసిన మెకానిక్కుకు ఒక్కసారి చూపించండి. అందులో నామోషీ ఏమీ లేదు. నా మొదటి చక్రాన్ని నేనూ చూపించుకున్నాను.

నాలుగోది: మీరందరూ ఇలా చేస్తే మెకానిక్కుల పొట్ట కొట్టినట్టు కాదా? చేతిపనివాళ్ళ మీద ఇంత ప్రేమ మనకు ఇటువంటి వాదాల్లోనే పుట్టుకొస్తుంది. టైరు ఎక్కించే కూలి దుకాణానికి ఎలాగూ ఇస్తున్నాం. పోయేది చక్రం విప్పి బిగించినందుకు ఇచ్చే కొద్దిపాటి మొత్తం. ఇక మెకానిక్కుకు మనం నిజంగా ఇవ్వనిది గౌరవం. పని తెలియనివాడు పనివాణ్ణి గౌరవించలేడు. మంచి పనికీ చెడ్డ పనికీ తేడా తెలియనప్పుడు ఇద్దరికీ ఒకే కూలి ఇస్తాడు, ఇద్దరితోనూ ఒకేలా బేరమాడతాడు. అటువంటి చోట నాసిరకం పనే నెగ్గుతుంది. నేను చక్రం విప్పడం నేర్చుకున్న తరవాతే, మా వీధి చివర షాపులో నలభై ఏళ్ళుగా పనిచేస్తున్న పెద్దాయన చేతి నేర్పు నాకు కనబడింది. అంతకు ముందు ఆయన్ని పేరు పెట్టి కూడా పిలవలేదు. ఇప్పుడు "గురువుగారూ" అంటాను. నా మిత్రులు మాత్రం ఇంకా "వాడు" అంటున్నారు. ఈ టపా మొదట్లో వారి మాటను మరోసారి చదవండి.

ఆ "వాడు" అన్న మాటలోనే అసలు రోగం ఉంది. మనదేశంలో చేతిపనిని కొన్ని కులాలకు అప్పగించి, పుస్తకాన్ని కొన్ని కులాలు అట్టే పెట్టుకున్నాయి. ఆ విభజన చట్టంలో చచ్చిపోయింది. మన గోళ్ళలో ఇంకా బతికే ఉంది. మసి పట్టిన గోరును చూడగానే చదువుకున్నవాడి ముఖంలో మెదిలే జాలి దాని ఆనవాలే. రాబర్ట్ పిర్సిగ్ 1974లో వెలువరించిన జెన్ అండ్ ద ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయిన్‌టెనెన్స్ పుస్తకాన్ని మనలో ఎంతోమంది చదివి మెచ్చుకున్నారు. అందులో కథకుడు తన బండిని తానే బాగుచేసుకుంటాడు, స్నేహితుడు మాత్రం తన బండి మీద చెయ్యి వెయ్యడానికే ఇష్టపడడు. ఆ పుస్తకం చదివి తత్త్వచర్చలు చేసిన మిత్రులను అడుగుతున్నాను: పుస్తకం మూసిన తరవాత మీలో ఎందరు వసారాలోకి వెళ్ళి మీ చైను ఎంత వదులుగా ఉందో చూసుకున్నారు? నేనైతే చూసుకోలేదు. మేనల్లుడు పడ్డ తరవాతే చూసుకున్నాను.

దీంతో భాషకు కూడా నష్టం జరిగింది. మన తాతల కాలంలో బండిచక్రం ఊరందరికీ తెలిసిన విషయం. వడ్రంగి నడుమ కుండను చెక్కి, ఆకులు దూర్చి, పూటీలు కలిపేవాడు. కమ్మరి ఇనపపట్టాను ఎర్రగా కాల్చి, వేడికి సాగి ఉండగానే చక్రానికి తొడిగి, పైన నీళ్ళు పోసేవాడు. పట్టా చల్లారి ముడుచుకుని చక్రాన్ని బిగపట్టేది. మన ఊళ్ళలో టైరు మార్చడమంటే అదే. ఇరుసుకు కందెన పెట్టడం, చీల ఉందో లేదో చూసుకుని బండి కట్టడం అన్నవి బండి ఉన్న ప్రతివాడికీ తెలిసిన పనులు. కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతమన్న సామెత ఆ ఎరుకలోంచే పుట్టింది. ఆ సామెతను మనం వ్యాసాల్లో వాడుతూనే ఉన్నాం, మన చైను మాత్రం కీచుమంటూనే ఉంది. తెలుగులో సాంకేతికపదాలు లేవని వాపోతూ కొత్తపదాలు కుట్టే పనిలో ఉన్న మిత్రులకు నాదొక విన్నపం. ముందు పని నేర్చుకుందాం. పనిచేసే చేతికి పదం దానంతటదే వస్తుంది. స్ప్లిట్ పిన్నును చీల అని నేను నిఘంటువు చూసి అనడం లేదు. అది చేసే పని బండిచీల పనే గనుక అలా వచ్చేసింది.

తయారీదారుల్ని కూడా వదిలిపెట్టను. నా మొదటి బండి సీటు కింద పనిముట్ల సంచి ఉండేది. అందులో ఇరుసు నట్టుకు సరిపోయే పానా కూడా ఉండేది. ఇప్పుడు వస్తున్న కొన్ని బళ్ళకు సెంటర్ స్టాండే ఉండదు. చక్రం విప్పాలంటే విడిగా స్టాండు కొనుక్కోవాలి. బరువు తగ్గించామంటారు, అందం పెరిగిందంటారు. సొంతదారు తన బండిని తాకకుండా ఉండటం వారికి లాభమని ఎవరూ పైకి చెప్పరు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, మరమ్మతు హక్కుకు ఒక విధానం రూపొందించడానికి సంఘాన్ని వేసింది. అందులో పరిశీలించిన రంగాల్లో వాహనాలూ ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరులో ఆ హక్కు కోసం ఒక పోర్టలు కూడా మొదలైంది. సంతోషమే. కానీ పానా పట్టుకోవడమే పరువు తక్కువనుకునే సమాజానికి మరమ్మతు హక్కు దేనికి? ఓటు వెయ్యనివాడికి ఓటుహక్కు ఎంత ఉపయోగమో అంతే.

ఇంత చెప్పినా నా వాదం రుచించనివారు ఉంటారని తెలుసు. కొందరికి ఆరోగ్యం సహకరించదు, కొందరికి వసారా ఉండదు. వారి నుంచి నేను కోరేది చాలా తక్కువ. ఈసారి టైరు మార్పించేటప్పుడు పుస్తకం ఇంట్లో వదిలి వెళ్ళండి. కుర్చీలో కూర్చోకుండా, పనిచేసేవారి పక్కన నిలబడండి. అడిగితే విసుక్కోకుండా చెబుతారు. తమ పని మీద ఎవరైనా ఆసక్తి చూపితే సంతోషించనివాళ్ళు అరుదు. బండి తీసుకునే ముందు మూడు చూడండి: బాణంగుర్తు సరైన వైపు తిరిగి ఉందా, టార్క్ రాడ్ నట్టుకు కొత్త చీల పడిందా, ఇరుసు నట్టు పూర్తిగా బిగిసిందా. అందుకు రెండు నిమిషాలు చాలు.

ఆ ఆదివారం సాయంత్రానికి నా చక్రాలు రెండూ కొత్త టైర్లతో తిరిగొచ్చాయి. బిగించేటప్పుడు మా మేనల్లుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. టార్క్ రాడ్ దగ్గరికి వచ్చేసరికి, "మామయ్యా, అది నేను పెడతాను" అని కుడిచేత్తో చీల అందుకున్నాడు. దూర్చి, కాళ్ళు రెండూ వెనక్కి వంచి, వేలితో రెండుసార్లు కదిపి చూశాడు. మూడోసారి నేను కదిపి చూశాను.

ఏకీభవించనివారి వ్యాఖ్యల కోసం ఎదురుచూస్తాను.